మేకుకు వేలాడిన టేపు

"నాన్నా, అది అమ్మ గదే కదా!" అంది కూతురు, ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి.

"అమ్మే గదా?" టీ గ్లాసు ఠపీమని పెట్టాడు తండ్రి. వడ్రంగం మానేసి పదేళ్లయినా మాటతో కోస్తూనే ఉంటాడని వీధి ఆయనకు పెట్టిన పేరు రంపం. ఎడమ చెవి రిటైరైంది గానీ నోరు ఇంకా సర్వీసులోనే ఉంది. "ఇరవై ఆరు ఇళ్లవాళ్లం కలిసి కొన్న బిల్డింగే అది! అమ్మడానికి నువ్వెవరివే?"

సరిదిద్దే ఓపిక లేదు ఆమెకి. కుడి చెవి దగ్గరికొచ్చి, "ఇవాళ మీటింగులో నువ్వు మాత్రం చెయ్యెత్తకు. అంతే" అంది. అది సరిగ్గానే వినబడింది. టీ చివరి గుక్క తాగి చెప్పులేసుకున్నాడు.

బిల్డింగు అందరిది. గది ఎవరి పేరున ఉంటే వాళ్లు పోయాక పిల్లలకు రాదు, గది కోసం కాచుకున్నవాళ్ల లిస్టులో తర్వాతి పేరుకు పోతుంది. ఆ రూలు రాసింది రంపమే. తల్లి పోయి నెలైంది. పదకొండేళ్లు తల్లీకూతుళ్లు పక్కపక్కనే బట్టలు కుట్టిన గది. అది పోతే మెషీను వంటింట్లోకి, కస్టమర్లు పక్క వీధిలోకి.

మీటింగు ఆ గదిలోనే పెట్టారు. "గది వెనక్కి తీసుకుందామనేవాళ్లు?" అంది ప్రెసిడెంటు. అందరూ రంపం వంకే చూశారు. మొదట లేచిన చెయ్యి ఆయనదే.

"నాన్నా! అమ్మ కళ్లు మూసిన చెయ్యేనా అది?"

"ఆ చెయ్యే. పదకొండేళ్ల కింద, వాళ్ల నాన్న పోగానే ఆ గడియారాల టిక్కుటిక్కుగాణ్ణి ఇక్కణ్ణుంచి పంపిందీ ఈ చెయ్యే. ఆ రోజు నువ్వేం చేశావో చెప్పు."

ఆమె అయోమయంగా చుట్టూ చూసింది.

"నేను చెప్తా. మీ అమ్మకు గది దొరికిందని ఎగిరి, వాడి గోడ గడియారం మేకు నుంచి దించి వాకిట్లో పడేశావు. అది ఆగిపోయింది. 'నీ టైమైపోయిందిరా' అని నవ్వావు."

వెనక వరసలో, ఇప్పుడు ఫుట్‌పాత్ మీద గొడుగు కింద వాచీలు బాగుచేసుకునే టిక్కుటిక్కు తల దించుకున్నాడు. లిస్టులో మొదటి పేరు అతనిదే.

"నాకు గుర్తే లేదు..." అంది ఆమె.

"నాకుందక్కా" అన్నాడతను.

ఆమె లేచింది. అదే మేకుకు ఇన్నేళ్లూ వేలాడిన కొలతల టేపు తీసి మెళ్లో వేసుకుంది. తాళంచెవి అతని చేతిలో పెట్టింది. లిస్టు అడిగి, చిట్టచివర తన పేరు రాసుకుంది. అక్షరాలు తడిశాయి.

"అమ్మేస్తుందట! అందరి గది!" రంపం ఇంకా కోస్తూనే ఉన్నాడు.

కుడి చెవి దగ్గర వంగి, అందరికీ వినబడేలా అంది: "అమ్మేస్తానన్లేదు నాన్నా. అమ్మ గది అన్నాను. అమ్మ."

అందరూ గొల్లుమన్నారు. రంపం నవ్వలేదు. ఎత్తిన చెయ్యి దించడం మరిచిపోయి అలాగే నిలబడ్డాడు. కూతురే దాన్ని మెల్లిగా దించి, ఇంటిదాకా వదలకుండా పట్టుకుంది.