మేకులు కొట్టరాదు

తెల్లవారి ఐదున్నరకు కళ్ళు తెరవగానే ఉరుకుందమ్మ చేయి అలవాటుగా మోటారు స్విచ్చి కోసం గోడ తడిమింది. స్విచ్చి దొరకలేదు. దొరకదు మరి! అది ముందరింట్లో ఉంది, ముందరిల్లు వారం నుంచి మంజులది.

ఇరవై ఏళ్లుగా ఎమ్మిగనూరులో ఆ వీధికంతా ఉరుకుందమ్మే ఓనరమ్మ. వెనక మూడు గదులు బాడుగకిచ్చి, వరండా గోడ మీద రంగుతో రూల్సు రాయించింది. మొట్టమొదటిది: గోడలకు మేకులు కొట్టరాదు. ఈ విషయంలో ఆమె దేవుడిని కూడా వదల్లేదు. బాడుగవాళ్ల దేవుళ్లంతా కిటికీ గూట్లోనే సర్దుకున్నారు.

భర్త శేషప్ప ఊరుకుంటేనా! నలుగురి దగ్గర అప్పు తెచ్చి ఆదోని రోడ్డులో ప్లాట్లు వేశాడు. ప్లాట్లు అమ్ముడుపోలేదు గానీ వాటిలో తుమ్మచెట్లు మాత్రం ఏపుగా పెరిగాయి. చివరికి తీర్చలేనని చేతులెత్తేసి కోర్టులో ఐపీ పెట్టాడు. ఇల్లు వేలానికి వచ్చింది. కొన్నదెవరనుకున్నారు? పన్నెండేళ్లుగా వెనక గదిలో ఉంటూ ఉగ్గాని బజ్జీల కొట్టు నడుపుకున్న మంజుల. బ్యాంకు లోను పెట్టి కొన్నది. ఓడలు బండ్లవడమంటే ఇదే. తను ఖాళీ చేసిన గదిలోనే ముసలివాళ్లను ఉండమంది కూడా.

ఆ ఉండడమే ఉరుకుందమ్మకు ముల్లులా గుచ్చుకుంటోంది. గోనెగండ్లలోని చెల్లెలింటికి పోదామని సంచి కూడా సర్దిపెట్టుకుంది.

అంతలో శేషప్ప ఈరన్నస్వామి పటాన్ని చంకలో పెట్టుకుని, సుత్తి పట్టుకుని గోడ ముందు నిలబడ్డాడు.

"ఆగు. ఏం చేస్తాండావు?"

"స్వామిని ఎన్నాళ్లని ట్రంకుపెట్టె మీద కూర్చోబెట్టేది? ఒక్క మేకే గదా."

"ఇల్లు నీదా కొట్టేదానికి? ఉండే ఇంటికి ఐపీ పెట్టి పోగొట్టుకుంటివి, ఇంగ మేకులు కూడానా?"

నెల రోజులుగా దిగమింగుకున్నదంతా ఒక్కసారిగా కక్కేసింది. ప్లాట్లనూ, వాటిని చూపించిన బ్రోకర్నూ, నమ్మిన మొగుణ్నీ వరసపెట్టి దులిపేసింది. శేషప్ప సుత్తి దించి తల వంచుకున్నాడు. అప్పుడు చూస్తే గడపలో మంజుల, చేతిలో వేడివేడి ఉగ్గాని గిన్నె.

ఉరుకుందమ్మ ముఖం పాలిపోయింది. పదేళ్ల కిందట పసిబిడ్డకు ఉయ్యాల కట్టుకుంటా, ఒక్క కొక్కెం కొట్టుకోనియ్యమని మంజుల బతిమాలింది. తను కుదరదు పొమ్మంది.

"మేము గోనెగండ్లకు పోతాం మంజులా. నీ బిడ్డ ఉయ్యాలకే కొట్టనియ్యలేదు నేను. ఇప్పుడు ఏ మొగం పెట్టుకుని ఈడ ఉండేది?" అంది ఉరుకుందమ్మ.

మంజుల గిన్నె కింద పెట్టింది. "ఆ పొద్దు శానా ఏడ్చినాను పెద్దమ్మా, అబద్ధం సెప్పను. నిన్ను తిట్టుకున్నాను గూడ."

ఆ తర్వాత సంగతి చెప్పుకొచ్చింది. లోను ఇచ్చేముందు బ్యాంకు ఇంజనీరు వచ్చి గోడ గోడా తట్టి చూశాడట. ఇరవై ఏళ్ల ఇంట్లో ఒక్క బొక్క లేదు, ఎవరమ్మా ఇంత బాగా చూసుకుంది అని అడిగాడట.

"నీ రూల్సు సూసే నాకు లోను ఇచ్చినారు. నువ్వు పోతే ఈ గోడలను ఎవరు కాస్తారు? తక్కిన రెండు గదులోళ్లు నా మాట ఇంటారా?"

అని శేషప్ప చేతిలోని సుత్తి తీసి ఉరుకుందమ్మ చేతిలో పెట్టింది. "నువ్వే కొట్టు."

జన్మలో మేకు కొట్టి ఎరగదామె. మొదటి దెబ్బకు రూపాయి బిళ్లంత సిమెంటు పెచ్చు ఊడి కింద పడింది. కన్నబిడ్డకు దెబ్బ తగిలినట్టు ఆ గుంటను తడిమి చూసుకుంది. అంతలోనే నవ్వొచ్చింది, నవ్వుతూనే ఏడ్చేసింది. మంజుల కొంగుతో ఆమె కళ్లు తుడిచింది. నాలుగో దెబ్బకు మేకు దిగింది. స్వామి కాస్త పక్కకు వాలినా గోడ ఎక్కాడు.

ఇదే అదననుకుని శేషప్ప గొంతు సవరించుకున్నాడు. "ఆ పక్కన ఇంగొకటి కొట్టుకుంటే నా సొక్కా..."

"కొట్టరాదు!" అన్నారు ఇద్దరాడవాళ్లూ ఒకేసారి.

ఉరుకుందమ్మ గోనెగండ్ల సంచి విప్పుతూ, ఆరవుతోంది, మోటారు వేసినావా లేదా అని మంజులను గదమాయించింది.