ఊపిరి పొర

ఆ పెట్టె అగ్గిపెట్టె కన్నా చిన్నది. గాజులా కనిపించే మెత్తటి రబ్బరుతో చేశారు. మధ్యలో ఉల్లిపొర కన్నా పల్చటి పొర ఒకటి, దాని మీద మనిషి ఊపిరితిత్తుల్లోంచి తీసి పెంచిన కణాలు. పక్కనున్న బుల్లి పంపు ఆ పొరను లాగి వదులుతూ ఉంటుంది. లాగితే సాగుతుంది, వదిలితే ముడుచుకుంటుంది, అచ్చం మనం ఊపిరి తీసినట్టే. దుమ్మూ పొగా లోపలికి పోతే ఊపిరితిత్తికి ఏమవుతుందో ఏ మనిషినీ బాధపెట్టకుండా ఈ పెట్టెలో చూడొచ్చు.

"ఏ మనిషినీ బాధపెట్టకుండా" అన్న మాట ఆ పెట్టె మీద పరిశోధన చేసే ఆమె చాలా సభల్లో చెప్పింది. ఈమధ్య ఆ మాటని దాటేసి ముందుకెళ్ళిపోతోంది.

ఎందుకంటే ఆ పెట్టెలో ఉన్నవి ఆమె వదిన కణాలు. వదిన పోయి ఇంకా నెల కూడా తిరగలేదు.

వదిన ఆ ఇంటికొచ్చేసరికి ఆమె బడికెళ్ళే పిల్ల. ఒక్కచోట నిలవదని "పిచ్చుక" అని పేరు పెట్టింది వదినే. జడలు వేసింది. జ్వరమొస్తే తెల్లవార్లూ పక్కన కూర్చుంది. ఆమె కాలేజీలో చేరాక వదిన, వంటగది గట్లకి వేసే రాతి పలకల్ని కోసి నునుపు పెట్టే వర్క్‌షాపులో పనికి కుదిరింది. సాయంత్రం కనురెప్పలతో సహా తెల్లగా మారి వచ్చేది. గుమ్మంలో బట్టలు దులుపుకుంటూ, "పిండి కావాల్సినవాళ్ళు గిన్నెలు పట్టండర్రా" అనేది. అందరూ పడీ పడీ నవ్వేవాళ్ళు. ఆ పిండే లోపలికి పోయి రాయిలా పేరుకుపోయిందని తెలిసేసరికి, వదిన నాలుగు మెట్లెక్కితే గోడ పట్టుకుని నిలబడే స్థితికొచ్చింది.

ఆసుపత్రిలో గొంతులోంచి గొట్టం వేసి ఊపిరితిత్తి ముక్క తీశారు. పరీక్షకి పోగా మిగిలిన పిసరంత ముక్కని ల్యాబుకి ఇవ్వడానికి వదిన సంతోషంగా ఒప్పుకుంది. "మందు రాయని డాక్టరమ్మకి ఇన్నాళ్ళకి నాతో పని పడింది" అంది.

ఆ ముక్క ల్యాబులో పాడైపోయింది. ఇంకోటి కావాలి. వైద్యానికి దాని అవసరం లేదు. పరిశోధనకే. ఆ మాట ఆమె వదినతో అనలేదు.

"ఇంకొక్కసారి గొట్టం వెయ్యాలి వదినా. ఏం కాదు."

"దీంతో నాకు మందు దొరుకుతుందా?"

"...చూద్దాం వదినా."

రెండోసారి గొట్టం వేశాక వదిన మొహం మీది ఆక్సిజన్ మాస్కు మళ్ళీ తీయలేదు. జబ్బు అప్పటికే ముదిరిందన్నారు డాక్టర్లు. ఎలాగైనా జరిగేదేనన్నారు. ఆమెనెవరూ వేలెత్తి చూపలేదు. ఎవరైనా చూపిస్తే బాగుండుననిపించేది ఆమెకి.

ఆ ఆదివారం మధ్యాహ్నం ఆమె ల్యాబులో ఉండగా అన్నయ్య ఫోన్ చేశాడు.

"అది ఇంకా నడుస్తోందా?"

అది అంటే ఏమిటో ఇద్దరికీ తెలుసు.

"నడుస్తోంది అన్నయ్యా."

"ఆపెయ్యమ్మా. మనిషిని సాగనంపేశాం. ఇంకా ఎక్కడో ఊపిరి తీస్తూనే ఉందంటే... నిద్ర పట్టట్లేదు నాకు."

"అవి ఉత్త కణాలే అన్నయ్యా. వాటికి ఏమీ తెలీదు."

"వాటికి తెలీదులే. నాకు తెలుసుగా."

"సరే. ఇవాళే ఆపేస్తాను" అంది.

నిజంగానే ఆపేద్దామనుకుంది. చేతులకి తొడుగులు వేసుకుంది. కణాల్ని చంపి గట్టిపరిచే ద్రావణం సీసా తీసి బల్ల మీద పెట్టింది. అంతలో గదిలో వెలుతురు మారింది.

ఊరవతల కొండల మీద అడవి అంటుకుని అప్పటికి కొన్ని రోజులైంది. ఇన్నాళ్ళూ గాలి అటువైపు పోయేది. ఆ మధ్యాహ్నం ఇటు తిరిగింది. కిటికీలో ఆకాశం ముందు నారింజ రంగులోకి వచ్చింది, తర్వాత ఇటుకరాయి రంగు, ఆ తర్వాత తుప్పు. కాసేపటికి ఎదురు భవనం కనబడలేదు. కింద వీధి దీపాలు పట్టపగలే వెలిగాయి. ఏసీ సందుల్లోంచి కాలిన బెరడు వాసన సన్నగా లోపలికి పాకింది.

సెక్యూరిటీ అతను మెట్లెక్కి వచ్చాడు, మూతికి తువ్వాలు కట్టుకుని. "మేడం, అందర్నీ ఇళ్ళకి పొమ్మంటున్నారు. బిల్డింగంతా ఖాళీ, మీరొక్కరే."

"నువ్వెళ్ళు. ఇదిగో, వచ్చేస్తున్నా."

అతను వెళ్ళాడు. ఆమె వెళ్ళలేదు. కిటికీ వైపు చూస్తూ నిలబడిపోయింది.

ల్యాబులో చెక్కపొడి కాల్చి ఎంత పొగ చేసినా అది ఉత్తుత్తి పొగే. అసలైన అడవి పొగ ఇప్పుడు అద్దానికి అవతల ఉంది. అప్పటికే రాతిపొడితో దెబ్బతిన్న ఊపిరితిత్తి మీద ఆ పొగ పడితే ఏమవుతుంది? తనకి తెలిసినంతలో ఇంతవరకూ ఎవరూ చూడలేదు. మిగతా రోగుల కణాలన్నీ వారం తిరక్కముందే చచ్చిపోయాయి. వదినవే బతికున్నాయి. మొండిగా, ఎవరి కోసమో ఆగినట్టు.

ఎలాగూ ఆపేసేదే కదా, అనుకుంది. ఆపేముందు ఒక్కసారి...

కిటికీ కొద్దిగా తెరిచి, పెట్టెలోకి గాలి పీల్చే గొట్టం చివర బయటికి పెట్టింది. గాలి వదిలే గొట్టం బల్ల అంచు మీదనుంచి వేలాడుతోంది. మైక్రోస్కోపు తెర మీద పొర కనిపిస్తోంది. కణాల మీదుండే సన్నటి నూగు, ఊపిరిలోకి వచ్చిన దుమ్మును బయటికి ఊడ్చే నూగు, చేను గాలికి ఊగినట్టు ఒకే తీరుగా ఊగుతోంది. ఆమె వాల్వు తిప్పింది.

మొదట ఏమీ కాలేదు. పంపు చప్పుడు తప్ప గదిలో ఇంకో చప్పుడు లేదు. టిక్... టిక్...

తర్వాత నూగు చెదిరింది. ఒక్కో పాయ ఒక్కో వైపు కొట్టుకోవడం మొదలుపెట్టింది, దారి తప్పిన జనంలా. పంపు లాగుతుంటే పొర ముడుచుకుంటోంది. వదులుతుంటే సాగుతోంది. పంపుకి ఎదురు తిరుగుతోంది.

పంపు చెడిందనుకుంది. స్విచ్చి కట్టేసింది.

టిక్ చప్పుడు ఆగింది.

పొర ఆగలేదు.

సాగింది. ముడుచుకుంది. సాగింది. గబగబా, పైపైన... మెట్లెక్కొచ్చిన మనిషిలా.

ఆ క్షణంలో వాల్వు ఆమె ఎడమ చేతికి అందేంత దూరంలో ఉంది. కుడి చేతి దగ్గర, తెర మీద జరిగేదాన్ని దాచిపెట్టే రికార్డు బటన్ ఉంది. ఆమె కుడి చెయ్యి ముందు కదిలింది.

బటన్ నొక్కింది. చూస్తూ కూర్చుంది.

పొర సాంతం సాగి ఆగిపోయింది. బిగబట్టినట్టు. చాలాసేపు. ఆమెకి తెలియకుండానే ఆమె కూడా ఊపిరి బిగబట్టింది.

అప్పుడు దగ్గింది.

చిన్న చప్పుడు. వేలాడుతున్న గొట్టం చివర్లోంచి. గొట్టం కొద్దిగా ఎగిరి బల్లకి తగిలింది. మళ్ళీ దగ్గు. పొడి దగ్గు... చివర్న సన్నగా ఒక మూలుగు. ఆ దగ్గు ఆమెకి తెలుసు. ఆసుపత్రిలో పక్క కుర్చీలో కూర్చుని తెల్లవార్లూ విన్న దగ్గు.

కరెంటు పోయింది.

ఏసీ ఆగింది. దీపాలు ఆరాయి. బ్యాటరీ మీద నడిచే తెర ఒక్కటే నీలంగా వెలుగుతోంది. తెరిచిన కిటికీలోంచి పొగ లోపలికి దిగుతోంది. కాలిన బెరడు వాసనలో ఇంకో వాసన కలిసింది. తడి రాయి వాసన. చెమటా, రాతిపొడీ, కొబ్బరినూనె కలిసిన వాసన. ఆ వాసన వచ్చినప్పుడల్లా కాలేజీ రోజుల్లో గుమ్మంలోకి పరిగెత్తేది.

ఇప్పుడు కాళ్ళు కదల్లేదు.

దగ్గు మళ్ళీ వచ్చింది. ఈసారి గొట్టంలోంచి కాదు. కణాల్ని వెచ్చగా ఉంచే బీరువా వైపు నుంచి. తర్వాత తలుపు వైపు నుంచి. తర్వాత... ఆమె కుర్చీ వెనకనుంచి. వీపు మీద ఎవరో గోడ పట్టుకున్నట్టు అరచెయ్యి ఆనింది. బరువేమీ లేదు. ఆసరా కోసం ఆనిన చెయ్యి.

ఆమె తిరిగి చూడలేదు. బల్ల అంచు మీదుగా కిందికి వంగిపోయింది. చెంప గొట్టం చివరకి తగిలింది.

వెచ్చటి ఊపిరి చెంప మీద పడింది. అందులో మాట.

"పిచ్చుకా..."

గుసగుస. ఒక్కో మాటకీ ఒక్కో ఊపిరి ఖర్చు పెడుతున్నట్టు.

"...సరిపోయిందా?"

ఆమె బల్ల అంచు గట్టిగా పట్టుకుంది.

"...ఇంకా... కావాలా?"

కోపం లేదు ఆ గొంతులో. నిష్ఠూరం కూడా లేదు. అన్నం వడ్డించేటప్పుడు అడిగినట్టు అడిగింది.

"వద్దు... వద్దు వదినా... చాలు..."

తడుముకుంటూ వాల్వు కట్టేసింది. సీసా మూత తీసి ద్రావణం పెట్టెలోకి వంపింది. సగం బల్ల మీద పోయింది. ఘాటుకి కళ్ళు మండాయి. తెర మీద నూగు ఒక్కో పాయా ఆగిపోతూ వచ్చింది. అంచుల్లో... మధ్యలో... చివరికి ఒకే ఒక్క పాయ, కొట్టుకుంటూ, కొట్టుకుంటూ...

ఆగింది.

గొట్టంలోంచి పొడుగాటి ఊపిరి ఒకటి వచ్చింది. బయటికి మాత్రమే. ఘాటుకి మళ్ళీ ఊపిరి బిగబట్టిన ఆమె ఇక ఆగలేక, సరిగ్గా అప్పుడే, నోరంతా తెరిచి గాలి పీల్చుకుంది.

అన్నయ్య వచ్చేసరికి ఆమె మెట్ల మీద కూర్చుని ఉంది. ఫోన్ ఎంతకీ ఎత్తడం లేదని కారేసుకుని వచ్చాడు. ఏమైందని అడగలేదు. తన మాస్కు తీసి ఆమెకి పెట్టి, భుజం పట్టుకుని కారెక్కించాడు. దీపాలు వేసుకుని, హారన్ కొట్టుకుంటూ, పొగలో నత్తలా పోతున్నాయి బళ్ళు.

"ఆపేశాను అన్నయ్యా."

"మంచిది."

"ఫోన్లో చెప్పగానే ఆపలేదు. ముందు... ముందు దానికి ఈ పొగ పట్టాను."

స్టీరింగ్ మీద అతని చేతులు బిగుసుకున్నాయి.

ఆమె ఇక ఆగలేకపోయింది. "రెండోసారి గొట్టం వేసింది వైద్యానికి కాదు అన్నయ్యా. నా కోసం. వదినకి చెప్పలేదు. చెబితే ఒప్పుకోదని చెప్పలేదు."

కారు సిగ్నల్ దగ్గర ఆగింది. పొగలో ఎర్రదీపం మసగ్గా కనబడుతోంది. అన్నయ్య దానివైపే చూస్తున్నాడు.

"మీ వదినకి తెలుసు" అన్నాడు.

"ఏంటి?"

"డాక్టరుగారు ముందురోజే చెప్పారు. ఇది మీ జబ్బుకి పనికొచ్చేది కాదమ్మా, ఇష్టమైతేనే అన్నారు. నేను వద్దన్నాను. గట్టిగానే అన్నాను. మీ వదినేమో, పిచ్చుక నోరు తెరిచి అడిగింది, ఎలా లేదంటాను అంది. మనకి తెలిసిందని దానికి తెలియనివ్వకు, మొహం చెల్లక ఇంటికి రావడం మానేస్తుంది అంది."

"మరి... మందు దొరుకుతుందా అని నన్నెందుకడిగింది?"

"నువ్వు చెబుతావేమోనని చూసిందేమో."

ఆకుపచ్చ దీపం వెలిగింది. వెనక బళ్ళు హారన్ కొట్టాయి. అన్నయ్య వెంటనే కదలలేకపోయాడు. కళ్ళు తుడుచుకుని గేరు వేశాడు. ఆమె మోకాళ్ళ మీద తల పెట్టుకుని, అతను ఒక్క మాట తిడితే చాలని, ఇల్లు చేరేదాకా ఎదురు చూసింది. తిట్టలేదు.

మర్నాటికి గాలి మళ్ళీ తిరిగింది. ఎండ కాసింది. పొగ పీల్చింది కాబట్టి ఒకసారి ఫోటో తీయించుకోమని అన్నయ్య పట్టుబట్టి ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. దగ్గు లేదు, ఆయాసం లేదు. ఆమె ఎక్స్‌రే పలకకి ఛాతీ ఆనించి నిలబడింది. అద్దం అవతల నుంచి టెక్నీషియన్ చెప్పాడు. "గట్టిగా పీల్చండి. బిగబట్టండి. కదలకండి."

బిగబట్టింది.

"అయ్యో, ఊపిరి వదిలేశారండీ. మళ్ళీ తీస్తాను."

ఈసారి పళ్ళు బిగించి, ముక్కు కూడా మూసుకుంది. మిషన్ టక్కుమంది. లోపల చాలాసేపు చప్పుడు లేదు.

టెక్నీషియన్ బయటికొచ్చాడు. కుర్రతనం పోయి నెత్తి నెరిసినవాడు, ఇలాంటివి రోజూ తీసేవాడు. ఆమె మూసుకున్న ముక్కు వంక, కదలని భుజాల వంక చూశాడు.

"మీరు బిగబట్టారు. నేను చూస్తూనే ఉన్నాను" అన్నాడు నెమ్మదిగా. "ఒకసారి ఇటొచ్చి చూడండి."

తెర మీద ఆమె ఛాతీ ఉంది. పక్కటెముకలు గీత గీసినట్టున్నాయి. గుండె అంచు స్పష్టంగా ఉంది. ఎడమ ఊపిరితిత్తి స్పష్టంగా ఉంది. కుడివైపు కింద, అరచెయ్యంత మేర, బొమ్మ కదిలిపోయి మసకగా ఉంది. ఆ ఒక్కచోట మాత్రం ఎవరో ఇంకా పీలుస్తున్నట్టు.