వాసనా కైసీ హై?

మార్చి తొమ్మిది, ఆదివారం మధ్యాహ్నం. ఢిల్లీ అశోకా రోడ్డులోని తెలుగు భోజనం క్యాంటీన్లో ఆ రోజు తిన్నవన్నీ కిరీటికి ఇప్పటికీ వరసగా గుర్తున్నాయి. రెండు పూరీలు, ముద్దపప్పు, గోంగూర పచ్చడి, బీరకాయ కూర, చారు. పెరుగు దాకా వెళ్ళలేదు. చారన్నం మధ్యలో పొలమారింది.

కారణం ఎదుటి కుర్చీలో కూర్చున్న అమ్మాయి.

అక్కడ ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ కూర్చోవడమే. కిరీటి, వాళ్ళ నాన్న రామమోహనరావు కూర్చున్న బల్ల దగ్గరికే ఆమె కూడా వచ్చి కూర్చుంది. కిరీటి ఫోనులో ఎవరితోనో హిందీలో మాట్లాడటం విన్నది. అతను ఫోను పెట్టెయ్యగానే ఎడమచేతి మణికట్టు ముందుకు చాచింది.

"భయ్యా, ఏక్ మినట్. సచ్ బతాయియే. మేరీ వాసనా కైసీ హై?"

నిజం చెప్పండి, నా వాసన ఎలా ఉంది? తెలుగువాళ్ళకి అంతే, వాసనంటే వాసనే. ఢిల్లీలో పుట్టి పెరిగిన కిరీటికి ఆ మాట హిందీలోనే వినిపించింది. హిందీలో వాసనంటే కామం. చారు ముక్కులోకి ఎక్కింది.

"ఎవరో తలుచుకుంటున్నార్రా నిన్ను," అని రామమోహనరావు కొడుకు నడినెత్తిన తట్టాడు. తర్వాత ఆ మణికట్టు దగ్గరికి వంగి, కళ్ళు మూసుకుని వాసన చూశాడు. "నిమ్మ... ఉహూఁ, దబ్బాకు. కింద ఇంకేదో ఉందమ్మా. తులసా?"

"తెలుగువాళ్ళా!" ఆమె మొహం విప్పారింది. "తులసే అంకుల్. కాస్త మరువం కూడా వేశాను. నాలుగు వందలసార్లు కలిపితే ఇలా వచ్చింది."

ఆమె పేరు ఛాయాదేవి. తెనాలి అమ్మాయి. నోయిడాలో ఒక సుగంధాల కంపెనీలో పని. ఆడా మగా ఇద్దరూ రాసుకునే పెర్‌ఫ్యూమ్ ఒకటి తన చేత్తో తయారుచేసింది. నలభై మంది దాన్ని వారం రోజులు రాసుకుని, ఫారం నింపి ఇవ్వాలి. అందులో ఇరవై మంది నచ్చిందంటే సీసా బజారుకి వెళుతుంది. లేకపోతే దబ్బాకు, తులసి తీసేసి వెనిలా పోస్తారు.

"ముప్ఫై ఎనిమిది మంది దొరికారు. ఇంకా ఇద్దరు కావాలి," అంటూ వాళ్ళిద్దరినీ లెక్కపెట్టినట్టు చూసింది.

"మేమున్నాంగా," అన్నాడు రామమోహనరావు.

"పాపా!" అన్నాడు కిరీటి. ఢిల్లీ అలవాటుకి నాన్నని అలాగే పిలుస్తాడు.

"వారం అయ్యాక ఫారంతో పాటు సీసా కూడా తిరిగి ఇచ్చెయ్యాలి అంకుల్. కంపెనీ రూలు." సంచీలోంచి వేలెడంత సీసాలు రెండు తీసి బల్ల మీద పెట్టింది. "మీకు ఇంగ్లీషు ఫారాలు ఇస్తాను. హిందీ ఫారాలు అయిపోయాయి. అవి నేనే రాశాను తెలుసా? హిందీలో రాష్ట్రభాష పరీక్ష పాసయ్యాను, ఫస్ట్ క్లాసులో."

కిరీటి నోరు తెరిచాడు. ఆ గర్వం చూసి మళ్ళీ మూసుకున్నాడు.

*

ఘాజియాబాద్ వైశాలిలో తండ్రీకొడుకులుండే రెండు గదుల ఫ్లాటులో మర్నాటి నుంచీ ఆ సీసా గురించే గొడవ.

"బ్యాంకులో ఫినాయిల్ పెట్టి తుడిచినట్టుంది, పాపా. ఆఫీసులో నా పక్కసీటు వాడు కుర్చీ జరుపుకున్నాడు."

"నీ ముక్కుకి పొల్యూషన్ పట్టింది. స్నానం చేయించి పౌడరు రాసిన పసిపిల్లాడిలా ఉందిరా ఇది."

రామమోహనరావు భార్య సరోజిని పోయి మూడేళ్ళయింది. అప్పటినుంచి ఆయన అద్దం చూడకుండానే తల దువ్వుకునేవాడు. ఈ వారంలో మాత్రం ఇస్త్రీ చొక్కా వేసుకుని, మెడ మీద రెండు చుక్కలు రాసుకుని పార్కుకి వెళ్ళొస్తున్నాడు. కిరీటి అది చూశాడు. కొన్ని చూసీ చూడనట్టు ఉంటేనే నిలుస్తాయి.

ఛాయ రోజూ ఫోన్ చేసేది. "ఈ రోజెలా ఉంది?"

"బ్యాంకు."

"నిన్నా బ్యాంకే అన్నారు!"

"ఇవాళ బ్రాంచి మారింది."

ఆమె నవ్వేది. ఆ నవ్వు కోసం కిరీటి రోజుకో కొత్త బ్రాంచి కనిపెట్టేవాడు. ఆ నవ్వు పోతుందన్న భయంతోనే అసలు సంగతి రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటూ వచ్చాడు.

ఎనిమిదో రోజు సాయంత్రం కరోల్ బాగ్ రమ్మంది. వేళ కాని వేళ వాన. ఒక టీ కొట్టు రేకుల కింద, కాగితాల కట్ట గుండెకి హత్తుకుని నిలబడి ఉంది. జడ తడిసింది, కాగితాలు తడవలేదు.

"పద్ధెనిమిది ఇంగ్లీషు ఫారాలొచ్చాయి. పదకొండు మందికి నచ్చింది. హిందీవి ఇరవై వచ్చాయి. వాటిలో ఒక్కటీ లేదు కిరీటి గారూ. ఒక్కటంటే ఒక్కటి! మా మేనేజర్ కృష్ణకుమారి గారు శుక్రవారం దాకా టైమిచ్చారు. తర్వాత వెనిలానే." ఒక ఫారం అందించింది. "ఇది చూడండి. పెద్దాయన, 'ఉమర్ నికల్ గయీ, బేటీ', వయసు దాటిపోయిందమ్మా అని రాశారు. అంటే ఇది కుర్రవాళ్ళ సెంటనుకుంటున్నారు, అంతేగా? ఈ పీజీ ఓనరమ్మ 'శర్మ్ కరో' అంది. పెర్‌ఫ్యూమ్ రాసుకోవడానికి సిగ్గెందుకండీ?"

కిరీటి ప్రశ్న చదివాడు. 'యహ్ వాసనా ఆప్‌కో కైసీ లగీ?' దాని కింద, 'క్యా ఆప్ యహ్ వాసనా ఫిర్ చాహేంగే?' ఈ కామం మీకెలా అనిపించింది, మళ్ళీ కావాలా అని.

రేకుల మీద వాన గట్టిగా కొడుతోంది. ఇక రేపు అన్నది లేదు.

చెప్పాడు.

ఆమె మొహం ముందు తెల్లబోయింది, తర్వాత ఎర్రబడింది. ఆ ఇరవై కాగితాలూ ఒక్కొక్కటిగా తిప్పి చూసుకుంది.

"క్యాంటీన్లో... మీకు అప్పుడే తెలుసా?"

"తెలుసు."

"వారం రోజులు! రోజూ ఫోన్లో బ్యాంకు, బ్రాంచీ అని జోకులేశారు. ఒక్క మాట చెబితే ఈ ఫారాలు మార్చుకునేదాన్ని కదా!"

"ఫారంలో కూడా ఆ మాటే ఉంటుందని అనుకోలేదు. చెబితే మీరు మళ్ళీ నాతో మాట్లాడరేమో అనిపించింది."

"ఇప్పుడు మాట్లాడతాననుకుంటున్నారా?" కాగితాలు సంచీలో పెట్టుకుంది. "నాకు మొహమాటం వద్దు కిరీటి గారూ. నిజం చెప్పే ముక్కు కావాలి."

వానలోకే నడిచి వెళ్ళిపోయింది.

*

మర్నాడు సాయంత్రం ఆరింటికి ఛాయ హాస్టల్ గేటు దాటేసరికి ఎదురుగా స్కూటర్, దాని మీద కిరీటి.

"ఆ ఇళ్ళన్నీ మళ్ళీ తిరుగుతారని నాకు తెలుసు," అన్నాడు.

"తిరుగుతాను. వాళ్ళు వారం రాసుకున్నారు, వాసన వాళ్ళకి తెలుసు. ప్రశ్న మార్చి అడిగితే చాలు. 'వాసనా' బదులు 'ఖుష్బూ' అని రాయించాను. మీరు రానక్కర్లేదు."

"నేను లేకపోతే ఇంకే మాట అంటారో!"

ఆమె నవ్వు ఆపుకోవడానికి అటు తిరిగింది. ఇటు తిరిగేసరికి మొహం మళ్ళీ బిగుసుకుంది.

"సరే. ఒక షరతు. ప్రతి గుమ్మం దగ్గరా జరిగిన పొరపాటేమిటో మీరే చెప్పాలి. ఆ మాటతో సహా."

"ఆ మాటతో సహానా?"

"ఇంకో షరతు. ఇకనుంచి నాకు నచ్చేది చెప్పొద్దు. ఉన్నది చెప్పండి."

మూడు సాయంత్రాలు తిరిగారు. పీజీ ఓనరమ్మ చెవులు చేటలు చేసుకుని విని, ఎర్రబడిన కిరీటి మొహం చూసి పడీపడీ నవ్వి, ఇద్దరికీ టీ ఇచ్చింది. నవ్వినంత మాత్రాన నచ్చిందని రాయలేదు. ఎండలో పెట్టిన నిమ్మకాయ ఊరగాయ జాడీ మూత తీసినట్టుందని రాసింది. ఉమర్ నికల్ గయీ అన్న పెద్దాయన మాత్రం, జ్వరం తగ్గాక మొదటిసారి తలంటుకున్నట్టుందన్నాడు. ఒక ఇంట్లో భర్త ఇది ఆడవాళ్ళదన్నాడు, భార్య ఇది మగవాళ్ళదంది. ఇద్దరి దగ్గరా అదే వాసన.

"ఇంతకీ ఎటు వోటేశారు?" కిందికి దిగుతూ అడిగాడు కిరీటి.

"చెరొక ఫారం. ఇద్దరూ నచ్చిందనే!" ఛాయ మెట్ల మీద చిన్న గంతు వేసింది. తూలి, అతని భుజం పట్టుకుంది. చెయ్యి వెంటనే తీసేసింది. అయినా ఆ దబ్బాకు వాసన అతని చొక్కాకి అంటుకుని, ఘాజియాబాద్ దాకా వచ్చింది.

*

గురువారం రాత్రి ఏడున్నరకి ఛాయ వైశాలి ఫ్లాటుకి వచ్చింది. కాళ్ళు నొప్పులని తెలుస్తూనే ఉంది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"హిందీవి ఎనిమిది వచ్చాయి. మొత్తం పంతొమ్మిది. ఇంక మీ ఇద్దరివే మిగిలాయి. ఒక్కటి చాలు."

కిరీటి తన ఫారం చేతిలో పట్టుకున్నాడు. ఆ చిన్న గడిలో 'అవును' అని రాస్తే ఈ అమ్మాయి ఇప్పుడే, ఈ గదిలోనే ఎగిరి గంతేస్తుంది. మధ్యాహ్నం నుంచీ అదే ఆలోచన.

ఫారం ఇచ్చేశాడు. ఆమె చదివింది.

'నేను రాసుకోను. నా మీద ఇది బ్యాంకే. కాని ఇది రాసుకున్న మనిషి పక్కన ఎంతసేపైనా కూర్చుంటాను.'

ఆమె ఇంకోసారి చదివింది.

"దీన్ని 'కాదు' కిందే వెయ్యాలి," అంది మెల్లగా.

"తెలుసు."

"రేపు నా పెర్‌ఫ్యూమ్ పోతుందేమో తెలుసా?"

"తెలుసు. ఉన్నదే చెప్పమన్నారు."

ఛాయ కళ్ళు నిండాయి. నవ్వుతోందో ఏడుస్తోందో కిరీటికి అర్థం కాలేదు. "మొదటిసారి నిజం చెప్పడానికి ఇదేనా దొరికింది మీకు!" అని, రామమోహనరావు వైపు తిరిగింది. "అంకుల్, మీరొక్కరే నాకు దిక్కు."

ఆయన బీరువాకి ఆనుకుని నిలబడ్డాడు. "నేను ఇవ్వనమ్మా."

"పాపా!"

"ఫారమిస్తే సీసా ఇచ్చెయ్యాలన్నావుగా తల్లీ." ఆయన ఇస్త్రీ చొక్కా అంచు సర్దుకున్నాడు. "అందుకే రేపూ మాపూ అంటున్నాను. మీ ఆంటీ పోయాక పొద్దున్నే తయారవ్వాలని అనిపించలేదు. ఇది రాసుకున్నప్పుడు ఎక్కడికైనా వెళ్ళాలనిపిస్తోంది. ఇంకా నాలుగు చుక్కలున్నాయి."

ఛాయ ఆయన దగ్గరికి వెళ్ళి, ఆ మడతలు పడ్డ చెయ్యి పట్టుకుంది. "సీసా మీదే అంకుల్. రూలు సంగతి కృష్ణకుమారి గారితో నేను మాట్లాడతాను. అయిపోతే ఇంకోటి తెస్తాను. నేనే తెస్తాను."

"నువ్వే తెస్తావా?"

"నేనే."

ఆయన బీరువాలో ఇస్త్రీ చొక్కాల కిందనుంచి ఫారం తీశాడు. రెండో రోజే నింపి పెట్టుకున్నాడు. 'నచ్చింది' అన్న మాట కింద రెండు గీతలు.

"ఇరవై," అంది ఛాయ. గంతెయ్యలేదు. కుర్చీలో కూలబడి, రెండు ఫారాలూ ఒడిలో పెట్టుకుని ఊపిరి పీల్చుకుంది. తర్వాత పక్కనున్న ఖాళీ కుర్చీని చేత్తో తట్టింది.

"కిరీటి గారూ, ఇవాళ పొద్దున కూడా రాసుకున్నాను. మీ మాట మీద నిలబడతారా?"

"నిలబడను," అన్నాడు కిరీటి. "కూర్చుంటాను."

కూర్చున్నాడు. ఇద్దరూ తలలు వంచుకుని కాసేపు ఆ ఫారాలే చూస్తూ ఉండిపోయారు.

"నాకు నిద్రొస్తోందిరా," అన్నాడు రామమోహనరావు. గోడ మీద గడియారం ఎనిమిది దాటి అయిదు నిమిషాలు. "అమ్మాయిని హాస్టల్ దాకా దింపి రా. ముందు ఇద్దరూ కాస్త పెరుగన్నం తినండి. ఆ రోజు నువ్వు పెరుగు దాకా వెళ్ళలేదు."

సీసా జేబులో వేసుకుని లోపలి గదిలోకి వెళ్ళాడు. గడియ చప్పుడు కాకుండా తలుపు మెల్లగా దగ్గరికి వేసుకున్నాడు.