లేచి వెళ్లమనే కాఫీ

“కల్నల్ రాంకో బ్యెలిత్సా రేపు హేగ్ యుద్ధ నేరాల కోర్టులో జనరల్ మీద నోరు విప్పాలి. అందాకా ప్రాణాలతో ఉండాలి. నీ పని అంతే,” అన్నాడు చీఫ్.

“జనరల్ ఒక్క తూటా కూడా పేల్చలేదటగా?” అన్నాడు ఏజెంట్ సెనాద్.

“వాడి లాయర్లు పాడే పాటే అది. యుద్ధంలో ఓ ఊరినే తుడిచిపెడదామని టేబుల్ చుట్టూ కూర్చుని తలూపినవాళ్లందరిదీ ఒకే నేరమోయ్, ట్రిగ్గర్ ఎవడు నొక్కినా సరే! జనరల్ ఆ టేబుల్ దగ్గరున్నాడని చెప్పడానికి ఒప్పుకున్నది రాంకో ఒక్కడే.”

“అంటే రాంకో కూడా కూర్చున్నట్టేగా?”

“అదే మరి. నోరు విప్పితే తనూ జైలుకే. జాగ్రత్త! వాణ్ని చంపడానికి వియన్నా ముఠా మనిషొకరు సరయేవోలో దిగారట. మొహం ఎవరికీ తెలీదు.”

మధ్యాహ్నానికల్లా సెనాద్ గ్యాస్ మెకానిక్ వేషంలో, పనిముట్ల పెట్టెతో రాంకో దాక్కున్న ఇల్లు చేరాడు. కోర్టు పంపిన ఆఫీసర్ వెద్రానా అప్పటికే వచ్చి ఉంది. ఎర్ర కోటు, మత్తెక్కించే సెంటు, వేలికి ఇంత లావు ఉంగరం.

“ట్రెబెవిచ్ కొండ మీద మంచు పడిందా?” అన్నాడు సెనాద్.

“కరిగే మంచు కాదది,” అంది తడుముకోకుండా. కోడ్ సరిపోయింది. “భయపడకండి కల్నల్ గారూ! నేనీ ఊళ్లోనే, పాత బజార్లో పుట్టి పెరిగినదాన్ని,” అంటూ రాంకో పక్కకి జరిగి కూర్చుంది.

రాంకో భార్య మిలెనా అందరికీ కాఫీ పోసింది. కప్పులు సగం కూడా ఖాళీ కాలేదు, ఇంకో రాగి గిన్నెతో పొగలు కక్కే కాఫీ తెచ్చి ఠక్కున వెద్రానా ముందు పెట్టింది.

సెనాద్ ఉలిక్కిపడ్డాడు. సరయేవోలో వచ్చినప్పుడొక కాఫీ, కబుర్లకొక కాఫీ, ఇక లేచి దయచేయండి అనడానికొక కాఫీ. కూర్చున్న కాసేపటికే ఆ ఆఖరిది ముందు పెడితే, ఈ ఊళ్లో పుట్టిన పిల్ల అవమానంతో లేచిపోతుంది.

“అబ్బ, ఏం మర్యాదండీ! అప్పుడే ఇంకోటా!” అని మురిసిపోయింది వెద్రానా.

ఇది ఈ ఊరి పిల్ల కాదు! సెనాద్ చూపు ఆమె వేళ్ల మీదికి దూకింది. ఉంగరం మూత తెరిచి ఉంది. రాంకో కప్పు అప్పటికే పెదవుల దాకా వెళ్లింది. సెనాద్ చేతికందిన రెంచి విసిరాడు. కప్పు ముక్కలైంది. వెద్రానా చెయ్యి హ్యాండ్‌బ్యాగ్‌లోకి పోయేలోపు అతని పిస్టల్ ఆమె కణతకి తగిలింది.

“ప్లాన్ నాది కాదు, కోడూ వాళ్లు కొన్నదే! వాళ్లిచ్చిన విషం కలిపానంతే!”

“జనరల్‌ది కూడా అదే పాట. ఇద్దరూ కలిసి పాడుకోండి,” అంటూ సెనాద్ బేడీలు వేశాడు. “మిలెనక్కా, మీకెలా అనుమానం వచ్చింది?”

“అనుమానమా పాడా! నా మొగుడి ఒళ్లోకి ఎక్కేలా ఉంటే పొమ్మన్నాను.”

రాంకో నవ్వలేదు. బయట కారు సిద్ధంగా ఉంది, అతను మాత్రం కుర్చీ వదలలేదు. “వెళ్తే మళ్లీ ఇంటికి రాను మిలెనా. నా చేత్తో నేనెవర్నీ చంపలేదే!” అన్నాడు.

“ఆ పిల్ల కూడా ఇప్పుడు అదే అందిగా,” అంది మిలెనా.

కళ్లు తుడుచుకుని వంటింట్లోకి వెళ్లింది. వేడి కాఫీ తెచ్చి మొగుడి ముందు పెట్టింది. ఇన్నేళ్ల కాపురంలో ఇంటాయనకి ఆ కాఫీ పెట్టడం అదే మొదటిసారి.

రాంకో కప్పు ముట్టలేదు. లేచి కోటు తొడుక్కున్నాడు. ఎంతైనా ఈ ఊరివాడు.