అమ్మ వడికిన దారం

పరుగు... పరుగు!

మిట్టమధ్యాహ్నపు ఎండకి కొండమెట్లు పెనంలా కాలుతున్నాయి. యువరాణి నికారెతే కాళ్లకి చెప్పుల్లేవు. ఒకటి కోటలో ఊడింది, ఇంకోటి దానిమ్మ తోటలో.

"పట్టుకోండి! కన్నతండ్రికి విషం పెట్టిన రాక్షసిని పట్టుకోండి!"

ఆ గొంతు అన్న థ్రాసోన్‌ది.

ఎంత గుండెలు తీసిన బంటు! ద్రాక్షసారాలో విషం కలిపింది వాడు. కలుపుతుంటే కళ్లారా చూసింది ఈమె. ఎందుకు కలిపాడో కూడా తెలుసు. కూతురికి పెళ్లి చేసి, రాజ్యం అల్లుడి చేతిలో పెడతానని రాజు నిన్ననే నిండు సభలో అన్నాడు.

ఈటె ఒకటి చెవి పక్కనుంచి దూసుకుపోయింది!

గుడి గడప దాటింది. అథీనా దేవి విగ్రహాన్ని రెండు చేతులా వాటేసుకుంది.

భటులు టక్కున ఆగిపోయారు. దేవిని పట్టుకున్న మనిషి మీద చెయ్యి వేస్తే ఊరంతటికీ అరిష్టం.

థ్రాసోన్ రొప్పుతూ ద్వారబంధానికి ఆనుకున్నాడు.

"ఉండు చెల్లీ. ఎన్నాళ్లుంటావో ఉండు. గుక్కెడు నీళ్లు కూడా రానివ్వను."

"పెద్దల సభకి రా. అక్కడ తేల్చుకుందాం!"

"ముందు నువ్వు గడప దాటు చూద్దాం!"

సభ కొండ కిందుంది. దారి పొడుగునా ఈటెలే.

అప్పుడొచ్చింది అమ్మ!

మహారాణి ఫిలిన్నా భటుల్ని తోసుకుంటూ లోపలికొచ్చింది. చేతిలో ఎర్ర ఉన్ని దారపు ఉండ.

"తప్పుకోండిరా! అది నా బిడ్డ!"

నికారెతేకి ఏడుపు ఆగలేదు. "నేను కాదమ్మా... అన్నయ్యే..."

"నాకు తెలీదుటే తల్లీ?" మేలిముసుగు అంచుతో కూతురి మొహం తుడిచింది. "ఈ దారం ఒక కొస దేవి చేతికి కడతాను. రెండో కొస పట్టుకుని సభ దాకా నడువు. దారం చేతిలో ఉన్నంతసేపూ నువ్వు గుడిలో ఉన్నట్టే. ఎవడు ముట్టుకుంటాడో నేనూ చూస్తాను."

"తెగితే?"

"తెగితే దేవి నీ చెయ్యి వదిలేసినట్టు. అయినా, నేను వడికిన దారం ఎప్పుడైనా తెగిందిటే?"

నిజమే. మహారాణి దారంతో ఓడని కట్టేయొచ్చని రేవులో వేళాకోళం చేస్తుంటారు.

నడుస్తోంది. వెనక దారం విచ్చుకుంటోంది. పక్కనే థ్రాసోన్... వాడి ఊపిరి మెడ మీద తగులుతోంది. అయినా ముట్టుకోలేదు!

కింద పెద్దలు లేచి నిలబడ్డారు. "రా తల్లీ! భయపడకు!" అని ఒక ముసలాయన కేకేశాడు.

ఒక్క మలుపు. బండరాయి అడ్డొచ్చి పెద్దలు కనపడకుండా పోయారు.

దారం వదులైంది!

గబగబా లాగింది. అడ్డూ ఆపూ లేకుండా వచ్చేసింది. కొస చేతికి దొరికింది.

పీచు లేవలేదు. నున్నగా ఉంది. ఇది తెగిన దారం కాదు... కోసిన దారం!

తలెత్తింది. పైన గుడి గుమ్మంలో ఒక్క మనిషే ఉంది. అమ్మ. చేతిలో చాకు.

"అమ్మా!"

"పిలవకు" అన్నాడు థ్రాసోన్ మెల్లగా. "పరాయివాడు గద్దెక్కితే ఆవిడకి ఓ మూల మంచం కూడా మిగలదు. నేనెక్కితే రాజమాత. ఇంతకీ ఆ విషం నూరిందెవరనుకున్నావ్?"

నికారెతే గుండె బద్దలైంది. అయినా కాళ్లు కదిలాయి. కొస ఉంది కదా! ఈ నున్నటి కొస పెద్దలకి చూపిస్తే చాలు!

మలుపు వైపు దూకింది.

థ్రాసోన్ మణికట్టు ఒడిసి పట్టాడు. దారం కొస లాక్కుని నోట్లో పెట్టుకున్నాడు. నమిలాడు. చెల్లెలి కళ్లలోకి చూస్తూనే నమిలాడు. బయటికి తీసేసరికి కొస పీచులు పీచులుగా ఉంది.

"ఇప్పుడు తెగింది" అన్నాడు.

తర్వాత కొండంతా వినపడేలా అరిచాడు.

"దేవి చెయ్యి వదిలేసింది!"

పైన అమ్మ గుడి తలుపులు మూసేసింది.

థ్రాసోన్ కత్తి దూశాడు.