మావయ్య గుంతలో విరిగిన బోల్టు

మా మావయ్య కార్ల షెడ్డులో, వెనక మూల, ఒక గుంత ఉంది. కారుని దానిమీద నిలబెట్టి, మనిషి కిందికి దిగి పని చేసుకునే గుంత. చీకటి పడ్డాక అందులోకి ఎవరూ దిగరు.

మావయ్య పోయాక దానికి మావయ్య గుంత అని పేరొచ్చింది. బతికినన్నాళ్ళూ ఆయన ఆ గుంతలోనే ఉన్నాడు, పోయాక మాత్రం ఎక్కడికి పోతాడని షెడ్డువాళ్ళ వాదన. చీకట్లో అందులోంచి దగ్గు వినిపిస్తుందట. సుత్తులు వాటంతటవే చోటు మారతాయట. బోల్టులు వాటంతటవే విరుగుతాయట...

ఈ చివరిది మాత్రం నేను నమ్మను. ఆ షెడ్డులో ఇంతవరకు ఒక్కడు కూడా బోల్టు విరగ్గొట్టలేదు. ఎవర్నడిగినా "విరిగిపోయిందండీ" అంటారు. ఇదివరకు ఆ నింద తుప్పు మోసేది. ఇప్పుడు పాపం, మావయ్య దొరికాడు.

అసలు సంగతి మా తోడల్లుడు చెప్పగా విన్నది. మావయ్య తర్వాత షెడ్డు చూసుకుంటున్నది అతనే. ఉండేది కూడా షెడ్డు వెనకే, అత్తయ్యతో పాటు ఒకే ఇంట్లో.

మావయ్య పోయిన కొత్తలో, నలుగురి ముందు, ఆయన పాత కారుని చూసి "ఈ డొక్కుని తుక్కు కింద అమ్మేద్దాం" అన్నాడు. అత్తయ్య వింది. అంతే — ఆ రోజు నుంచి అతనితో మాట మానేసింది. అన్నం వేళకి గోడవైపు తిరిగి, "వడ్డించాను, తినేవాళ్ళు తినొచ్చు" అనేది. మనిషి చిక్కి సగమయ్యాడు.

చివరికి, ఆ కారుని తన చేతులతో బాగుచేసి పొద్దున్నే గుమ్మం ముందు నిలబెడితే ఆవిడ మనసు కరుగుతుందని ఆశపడ్డాడు. గుంతలోకి దిగాడు. వెనక చక్రాల ఇరుసుని ఛాసిస్‌కి, అంటే కారు అడుగు చట్రానికి, పట్టి ఉంచే బోల్టు ఒకటి తుప్పుపట్టి బిగుసుకుపోయి ఉంది. కండబలం చూపించాడు. టప్పుమంది... తల ఊడి చేతికొచ్చింది. మొండెం లోపలే ఉండిపోయింది.

ఈ సంగతి అత్తయ్యకి తెలిస్తే ఇంకేమైనా ఉందా? తుక్కు చేద్దామన్నవాడు అన్నంత పనీ చేశాడనుకుంటుంది. ఇక జన్మలో మాట్లాడదు.

చీకటి పడింది. షెడ్డువాళ్ళు ఒక్కొక్కరికీ ఇంటి దగ్గర ఒక్కో అర్జెంటు పని గుర్తొచ్చింది. మా తోడల్లుడు ఒక్కడే మిగిలాడు.

సుత్తితో తట్టాడు... గ్యాస్ మంటతో ఎర్రగా కాల్చాడు... బయటికి పొడుచుకొచ్చిన కాస్త మొనని పట్టుకుని తిప్పాడు. ఊహూఁ. అంతలో కరెంటు పోయింది. టార్చిలైటు బోల్టు మీదికి తిప్పి పెట్టి, అలవాటు కొద్దీ గుంతలోంచి చెయ్యి పైకి చాచి, "చిన్న సుత్తి" అన్నాడు.

సుత్తి చేతిలో పడింది.

రెండు దెబ్బలు వేశాక గుర్తొచ్చింది... పైన ఎవరూ లేరు.

అయినా ఉండబట్టలేక మళ్ళీ చెయ్యి చాచాడు. "పె... పెద్ద పానా..."

వచ్చింది. సరిగ్గా అదే వచ్చింది.

ఇది మనుషుల పని కాదని అప్పుడు తేలిపోయిందట. ఆ షెడ్డులో ఒక పానా అడిగితే, ముందు ఇంకో పానా వస్తుంది. దాని వెనకే ఓ సలహా వస్తుంది. అడిగిందే అందడం, అదీ నోరెత్తకుండా... ప్రాణమున్నవాళ్ళ వల్ల కాదు.

తలెత్తితే పాదాలు కనిపిస్తాయి. పాదాలు ఎటు తిరిగున్నాయో చూస్తే సంగతి తెలిసిపోతుంది. అందుకే తలెత్తలేదు.

ఈసారి ఏమీ అడగలేదు. కానీ చేతికి ఏదో తగిలింది — సన్నగా, నున్నగా, చల్లగా... కొవ్వొత్తి.

కాలుతున్న బోల్టుకి కొవ్వొత్తి ఆనిస్తే మైనం కరిగి మరల్లోకి పాకుతుంది, తుప్పు పట్టు సడలుతుంది. ఆ చిట్కా మావయ్యది. ఆయన్ని చూసి షెడ్డంతా నవ్వేది. బోల్టుకి ఆనించాడు. మైనం పొగలు కక్కుతూ లోపలికి దిగింది.

"మావయ్యా..."

మొనకి పానా తగిలించాడు.

ఇక ఆగలేకపోయాడు. "నోరు జారాను మావయ్యా. మీ కారుని అలా అనకూడదు. అత్తయ్య మాట్లాడకపోతే ముద్ద దిగట్లేదు. తప్పయిందని చెప్పాలని రోజూ అనుకుంటాను, ఎదురుపడితే నాలుక కదలదు..." అంటూ ఏడ్చేశాడు.

అక్కడితో ఊరుకుంటే బాగుండేది. దెయ్యం దగ్గర మంచివాడనిపించుకోవాలన్న ఆత్రం ఒకటి ఉంటుంది కదా. "ఆవిడ వంటకి వంక పెట్టింది కూడా నేను కాదు మావయ్యా... పెద్దల్లుడు!" అన్నాడు.

ఆ పెద్దల్లుణ్ణి నేనే.

పైన చీకట్లోంచి, చాలా నెమ్మదిగా, ఒక గొంతు —

"ఏమన్నాడేమిటి?"

అదిరిపడి పానాకి వేలాడిపోయాడట. కిర్ర్ర్...మని బోల్టు తిరిగింది.

గుంత గట్టున, కొంగు నడుముకి బిగించి, అత్తయ్య! సుత్తి చప్పుడు విని ఇంట్లోంచి వచ్చింది. ఏళ్ళ తరబడి అక్కడే నిలబడి మావయ్యకి సామాన్లు అందించిన మనిషి, ఎప్పుడు ఏది కావాలో ఒకరు చెప్పక్కర్లేదు. మాట్లాడనని పట్టుబట్టింది కాబట్టి నోరు విప్పలేదు. వంట మాట వచ్చాక ఎవరి పట్టు మాత్రం నిలుస్తుంది?

"బోల్టు తియ్యి బాబూ," అంటూ గట్టున కూర్చుందట, కళ్ళు తుడుచుకుని. "తీస్తూ చెప్పు."

బాబూ అన్న ఆ పిలుపుకి మా తోడల్లుడు కరిగిపోయాడు. నేను అన్నవన్నీ చెప్పాడు. ఆ ఊపులో నేను అననివీ చెప్పాడు.

పొద్దున్నే కొత్త బోల్టుతో కారు గుమ్మం ముందుకొచ్చింది. అత్తయ్య ముందు సీట్లో కూర్చుని ఊరంతా తిరిగొచ్చింది. విని నాకూ సంతోషమేసింది, నిజంగానే.

నిన్న వాళ్ళింటికి భోజనానికి వెళ్ళాను. అత్తయ్య అందరికీ వరసగా వడ్డించుకుంటూ వచ్చి, నా దగ్గర ఆగింది. నవ్వింది. నా ఖాళీ కంచంలో వట్టి గరిటె పెట్టి, వంటింటి వైపు వేలు చూపించింది.