ఫైల్ వదిలేసిన లాయరమ్మ

“నువ్వు పెట్టుకున్న లాయర్‌ని బ్యాంక్ వాళ్ళు ఒప్పుకోలేదు. నీ ఇంటి ఫైల్ నాకు వచ్చింది,” అంది ఫోన్‌లో ఎవరో లాయరమ్మాయి.

శశికాంత్‌కి ఒళ్ళు మండింది. తన లాయర్ చేజారినందుకు కొంత, ముక్కూ మొహం తెలియని మనిషి ‘నువ్వు’ అన్నందుకు ఇంకొంత. ఆ ఫోన్ చేసిన మృదుల అమెరికాలో, ఆ ఆల్ఫరెటా ఊళ్ళోనే పుట్టింది. ఆమెని ఇంట్లో అందరూ నువ్వు అనే పిలిచేవాళ్ళు. ఆమెకి వచ్చిన తెలుగు అదే. ఆ సంగతి అతనికి తర్వాత తెలిసింది.

అతని లాయర్‌ని కుదిర్చింది ఊళ్ళో తెలుగువాళ్ళకి పెద్దదిక్కైన రఘువీర్ అంకుల్. స్పీడింగ్ టికెట్ నుంచి వీలునామా దాకా ఆ ఊళ్ళో తెలుగువాళ్ళందరికీ ఆ ఒక్క లాయరే. మనవాళ్ళు లాయర్‌ని పురోహితుడిలా చూస్తారు. పక్కింటివాడు పిలిచాడంటే మనమూ పిలవడమే. కానీ లోన్ ఇచ్చే బ్యాంక్‌కి తన లిస్ట్ తనకుంది. అందులో పేరు లేనివాడు ఎంత మంచివాడైనా పనికిరాడు.

శుక్రవారం లోపల క్లోజింగ్, అంటే లాయర్ ముందు సంతకాలు పెట్టి ఇల్లు రాయించుకోవడం, అవకపోతే అతను కొంటున్న టౌన్‌హోమ్ చేజారిపోతుంది. మొత్తం క్యాష్ ఇస్తానని ఇంకొకడు కాచుకుని ఉన్నాడు. లోన్ మీద బతికేవాడు ఏ గుమ్మం దగ్గరికి వెళ్ళినా, డబ్బున్నవాడు ముందే వచ్చి నిలబడి ఉంటాడు. లోకం తీరే అంత. శశికాంత్ ఇప్పటికే చాలా ఇళ్ళు అలా పోగొట్టుకున్నాడు.

పోట్లాడదామని వానలో తడుస్తూ ఆమె ఆఫీస్‌కి వెళ్ళాడు.

“నా లాయర్‌ని నేను ఎంచుకోకూడదాండీ?”

“ఎంచుకో. కానీ డబ్బు బ్యాంక్‌ది. వాళ్ళు నమ్మినవాళ్ళే క్లోజింగ్ చేయాలి. ఇక్కడ నేను బ్యాంక్ తరఫున కూర్చుంటాను.”

“మరి నా తరఫున?”

“ఎవరూ లేరు,” అని టిష్యూ బాక్స్ అతని వైపు తోసింది. “ముందు తల తుడుచుకో.”

కోపం ఆ టిష్యూతోనే సగం తుడుచుకుపోయింది.

పాత ఓనర్ ఎప్పుడో తీర్చేసిన అప్పు ఒకటి రికార్డుల్లో ఇంకా ఆ ఇంటి మీదే కనిపిస్తోంది. మృదుల నాలుగు ఆఫీసులకి ఫోన్లు చేసి, విసిగించి, దాన్ని తీయించింది. ఈమెయిల్‌లో పంపాల్సిన కాగితాలన్నీ శశికాంత్ స్వయంగా పట్టుకెళ్ళేవాడు. లైసెన్స్ కాపీ మళ్ళీ తెచ్చాడేమని ఆమె అడిగితే, మొదటిదాంట్లో తన మొహం సరిగ్గా పడలేదన్నాడు. ఆమె కాపీ వంకా, మొహం వంకా మార్చి మార్చి చూసి, రెండింటికీ పెద్ద తేడా లేదని తేల్చింది.

బుధవారం ధైర్యం చేసి, క్లోజింగ్ అయ్యాక కాఫీకి వస్తారా అని అడిగాడు. మృదుల ల్యాప్‌టాప్ మూసేసి, ఇంటికి వెళ్ళమంది. అంతే.

మర్నాడు పొద్దున్నే బ్యాంక్ నుంచి ఫోన్. మృదుల ఫైల్ వదిలేసిందట. రేపే క్లోజింగ్, చేతిలో లాయర్ లేడు.

ఆమె ఆఫీస్ దాకా కారు ఎలా నడిపాడో అతనికే తెలియదు.

“కాఫీ అడిగిన పాపానికి నా ఇల్లు పోగొడతారా?”

“నాకు ఇష్టం లేకపోతే, నో అని ఫైల్ ఉంచుకునేదాన్ని కదా,” అంది మృదుల.

శశికాంత్ బుర్రకి ఎక్కలేదు. ఇంజనీర్లకి కోడ్ అర్థమైనంత తొందరగా ఆడపిల్ల మాట అర్థం కాదు.

“బ్యాంక్ నన్ను నమ్మి ఫైల్ ఇచ్చింది. నువ్వంటే నాకు ఇష్టం. అది దాచి సైన్ చేయిస్తే తప్పు. అందుకే, ఈ లోన్ తీసుకునే మనిషి విషయంలో నేను న్యూట్రల్‌గా లేను అని బ్యాంక్‌కి చెప్పేశాను.”



“నాకంటే ముందు బ్యాంక్‌కి చెప్పారా?”

“నీకు చెప్పాలంటే భయం వేసింది,” అంది చిన్నగా.

ఆమె ఊరికే వదలలేదు. బ్యాంక్ లిస్ట్‌లో ఉన్న లాయర్లందరికీ ఫోన్ చేసింది. నెలాఖరు కావడంతో ఎవరికీ తీరిక లేదు. చివరికి ఆ లిస్ట్‌లోనే ఉన్న, తనకి పని నేర్పిన రాధారాణి గారిని పట్టుకుంది. పని అంతా పూర్తయి ఉంటే క్లోజింగ్‌కి కూర్చుంటానంది ఆవిడ. బ్యాంక్ కూడా సరేనంది.

శుక్రవారం రాధారాణి గారి ఆఫీసులో శశికాంత్ వేలు నొప్పి పుట్టేదాకా సంతకాలు పెట్టాడు. మధ్యలో అమ్మకందారుడి ఏజెంట్ ఫోన్ మోగింది. క్యాష్ వాడే. డీల్ పోయిందా అని ఆశగా అడుగుతున్నాడు.

“సోల్డ్,” అని ఏజెంట్ ఫోన్ పెట్టేశాడు.

ఆ ఒక్క మాట శశికాంత్ చెవిలో సన్నాయిలా మోగింది. ఎప్పుడూ గుమ్మం ముందు నిలబడేవాడు ఈసారి బయటే ఉండిపోయాడు.

బయట సన్నగా వాన. మృదుల లోపలికి రాకూడదు కనుక పార్కింగ్‌లో, కార్లో కూర్చుని గోళ్ళు కొరుక్కుంటోంది. శశికాంత్ తలుపు తోసుకుని వచ్చి, తాళంచెవులు పైకెత్తి చూపించాడు.

చీమ చిటుక్కుమన్నా వినిపించే ఆ అమెరికా ఊళ్ళో మృదుల హారన్ మీద రెండు చేతులూ పెట్టి, పెళ్ళి ఊరేగింపులా మోగించింది. ఆఫీసుల కిటికీలన్నీ తెరుచుకున్నాయి. ఆమె చేతులు తీయలేదు, అతను పరుగెత్తి వచ్చి పక్క సీట్లో కూర్చునేదాకా.